పుర్రచేతి క్లెయిము

జూన్ 2

కుడిచేత్తో రాస్తున్నాను. పుట్టు పుర్రచేతిదాన్ని. ఆ చెయ్యేమో మెడకి కట్టేసి వేలాడుతోంది. రాత కోడి గెలికినట్టుంది. ఇవాళ్టికింతే.

జూన్ 6

జరిగింది జరిగినట్టు రాసివ్వమని ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు అడిగారు. చిత్తు ఇక్కడే రాసుకుంటాను. పంపకూడనివి తర్వాత తీసేయొచ్చు.

"ఆ రోజు పొద్దున ఎప్పటిలాగే పిన్ని నన్ను కాలేజీలో దింపి, తను పనిచేసే కళ్లద్దాల షాపుకి వెళ్లాలని బయల్దేరింది. కారు తనది, పాలసీ తన పేరున ఉంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఎర్ర లైటు దగ్గర ఆగాం. ఆగి ఉన్న మమ్మల్ని ఒక పాలవ్యాను వెనకనుంచి గుద్దింది. నా ఎడమ భుజం తలుపుకి కొట్టుకుంది."

కంపెనీకి ఇది చాలు. చెప్పక్కర్లేనిది ఒకటుంది. పిన్ని వాళ్ల షాపుకి ఒక పెద్దాయన రోజూ వస్తాడట. ఉన్న ఫ్రేములన్నీ పెట్టుకు చూసుకుని, ఏదీ కొనకుండా దండం పెట్టి వెళ్లిపోతాడట. "నిన్న చివరికి ఏం చేశాడో తెలుసా" అని పిన్ని నా వైపు తిరగబోతుండగా ధభీమంది. ఆయన ఏం చేశాడో నాకింకా తెలియదు.

ఆగి ఉన్న కారుని సరిగ్గా నడపలేకపోయానని పిన్ని బాధ.

"కాస్త ముందుకి ఆపాల్సిందే."

"ముందు బస్సుంది పిన్నీ."

"పోనీ, కాస్త వెనక్కి."

"వెనక పాలవ్యాను."

"అయినా సరే" అంది.

నలభై దాటాక పట్టుబట్టి కారు నేర్చుకున్న మనిషి. లైసెన్సు వచ్చిన వారమంతా షాపులో అక్షరాల బోర్డు పక్కన పెట్టేసి, కస్టమర్ల చేత ఆ లైసెన్సే చదివించి కళ్లు పరీక్షించింది.

జూన్ 9

మెడకట్టు విప్పారు. ఫిజియోథెరపీ మొదలైంది. ఆయన పేరు బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉంది గాని నాకు మాత్రం ఆయన ఇంకొక్కసారి గారు.

"పక్కనుంచి పైకెత్తండి. ఆ... ఆ... భుజం దాకా వచ్చింది. ఇంకొక్కసారి."

"ఇందాకా ఇదే అన్నారు."

"అది ఇందాకటి సారి. ఇప్పుడు ఇంకొక్కసారి."

కారులో కూర్చున్నవాళ్ల వైద్యం ఖర్చు పిన్ని పాలసీలోనే వస్తుందట. కంపెనీ తరఫున ఒకావిడ ఫోన్ చేసింది. సరిగ్గా ఎక్కడ నొప్పి, సరిగ్గా ఎప్పుడు, సరిగ్గా ఎంత పైకెత్తితే అని అడిగింది. ఆవిడకి సరిగ్గా మేడం అని పేరు ఖాయం చేశాను. థెరపీ విడతలుగా ఇస్తారు. విడత అయ్యాక చూస్తారు. పూర్తిగా నయమైతే ఆపేస్తారు. అసలేం నయం కాకపోయినా ఆపేస్తారు, ఎందుకంటే ఆ వైద్యం పనిచేయట్లేదని అర్థమట.

"అంటే నాకు నయమవుతూ ఉండాలి, నయమవకూడదు."

"అలా అని ఎక్కడా రాయలేదండి" అంది సరిగ్గా మేడం.

బాబాయికి చెబితే, "టీవీ సీరియల్లో కోడలి కష్టాల్లా" అన్నాడు.

నవ్వాను గాని లోపల నవ్వు రాలేదు. వినపడని పిల్లల కాలేజీ మాది. లెక్చరరు నోటితో చెప్పిందంతా నేను పక్కన నిలబడి సైగల్లోకి మారుస్తాను. నా గొంతు నా చేతుల్లోనే ఉంది, అందులోనూ ఎడమచేతిలో. జూలై మధ్యలో కాలేజీ తెరుస్తారు. అప్పటికి చెయ్యి లేవకపోతే వేరే మనిషిని చూసుకుంటామని ప్రిన్సిపాల్ గారు చాలా మర్యాదగా చెప్పారు. "పిల్లల చదువు కదమ్మా" అన్నారు.  కంపెనీ ఆపేస్తే నా డబ్బుతో ఈ థెరపీ చేయించుకోలేను.

జూన్ 10

క్లినిక్కి నడిచి వెళ్లాను. నడక ఒంటికి మంచిది.

జూన్ 12

నడిచే. దారిలో చెట్లు చాలా బాగున్నాయి. ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదో.

జూన్ 13

వాన. గొడుగు. నడిచే.

జూన్ 17

మా పిల్లలు కొందరు పరామర్శకి వచ్చారు. పరామర్శ అంటే నన్ను చూసి నవ్వడం. కుడిచేత్తో, లేవని ఎడమచేతిని నడుం దగ్గరే కలుపుకుని, ఏదో సర్దుకుని మాట్లాడాను.

"గొణక్కు" అంది వాళ్ల ముఠా నాయకురాలు, సైగతోనే. సైగల భాషకి నడుం నుంచి తల పైదాకా చోటు కావాలి. నాది పొట్ట దగ్గరే ఆగిపోతోంది. అదే వాళ్లకి గొణుగుడు.

మా కాలేజీలో ఎవర్నీ పేరులోని అక్షరాలతో పిలవరు. మనిషిని చూసి ఒక సైగ పెడతారు, అదే పేరు. నాకిన్నాళ్లూ ముంగురులు వెనక్కి తోసుకునే సైగ ఉండేది. ఇవాళ మార్చేశారు. ఒక మోచేతిని డొక్కకి అంటించి, రెండోదాన్ని మాత్రం టపటప కొట్టాలి. ఒంటిరెక్క కోడి.

"ఇదెన్నాళ్లు?" అన్నాను.

"మీ భుజం ఇష్టం" అంది నాయకురాలు.

పిన్నికి సైగలు రావు గాని కోడి అర్థమైంది. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

జూన్ 20

షెడ్డు నుంచి కారు వచ్చింది. వెనక భాగమంతా మార్చారు, పెళ్లికొడుకు కారులా మెరుస్తోంది. పిన్ని దానిమీద పాత దుప్పటి కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది. బస్సులో షాపుకి వెళ్లింది.

"కారు తీయలేదేం పిన్నీ?"

"పెట్రోలు దండగ."

"మొన్నటిదాకా దండగ కాదా?"

"మొన్న నేను పొదుపరిని కాను."

పాపం, భయం పట్టుకుంది, ఒప్పుకోదు. రోజూ పొద్దున దుప్పటి ఒక మూల ఎత్తి, అద్దం తుడిచి, మళ్లీ కప్పేసి వస్తుంది. కొంతమందింతే. ఊళ్లోవాళ్ల కళ్లన్నీ పరీక్షిస్తారు, ఎదురుగా ఉన్నది మాత్రం వాళ్లకి కనపడదు.

నా సంగతంటావా, నాకెటూ కారుతో పనిలేదు. నడుస్తున్నాను కదా.

జూన్ 24

బాబాయి పత్రికలో ప్రూఫ్ రీడరు. ఇంట్లో పేపరు కూడా తప్పుల కోసం పైకే చదువుతాడు, ఒకే గొంతుతో, ఊపిరి తీసుకోకుండా. అలా ఎవరు చదివినా నా చేతులు ఊరుకోవు, వాటంతటవే తర్జుమా మొదలుపెడతాయి. వృత్తి రోగం. ఇవాళ ఆయన మునిసిపాలిటీ టెండరు ప్రకటన చదువుతూ మధ్యలో ఆగాడు.

"అమ్మాయ్, పై అరలో ఉండే పంచదార డబ్బా కిందికెలా వచ్చింది?"

"పిన్ని తీసుంటుంది."

"మీ పిన్ని పొద్దున్నే బస్సుకి పోయింది."

"అయితే నేనే, కుడిచేత్తో."

"కుడిచేతిలో పాలగిన్నె ఉంది, నేను చూశా."

"స్టూలెక్కి తీసుంటాను బాబాయ్."

ఆయన స్టూలు వైపు చూశాడు. దానిమీద నెల రోజుల పేపర్ల కట్ట ఉంది.

"ఎక్కడో అచ్చుతప్పుంది" అని మళ్లీ టెండర్లో పడ్డాడు.

ఏమిటో ఈయన.

జూన్ 28

ఇంకొక్కసారి గారికి నా మీద నమ్మకం తగ్గుతోంది. భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. స్కాను వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు.

"కండ మెత్తబడింది. లోపల వాపు లేదు. మరి భుజం దగ్గరికొచ్చి ఎందుకాగుతోందో నాకు తెలియట్లేదమ్మా."

"నొప్పండి."

"ఎత్తకముందే మొహం చిట్లిస్తున్నారు."

"ముందుచూపు."

ఆయన నవ్వలేదు. ఈ విడత అయిపోయింది. జూలై ఒకటిన కంపెనీ ఆఫీసుకి రమ్మన్నారు. వాళ్ల డాక్టరు చూస్తాడు, సరిగ్గా మేడం నిర్ణయిస్తుంది. నాకు నొప్పి ఉంది. ఇది నా డైరీ, ఇందులో అబద్ధమెందుకు రాస్తాను? ఎత్తబోతే నొప్పి వస్తోంది. నిజం.

జూలై 1

వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

కంపెనీ ఆఫీసు ఊరికి ఆ చివరుంది. వెళ్లేసరికి చీర కుచ్చిళ్లు మోకాళ్లదాకా తడిశాయి. వరస కుర్చీలు, గోడకి నవ్వుతున్న కుటుంబం ఫోటో, దానికింద ఆ ఫోటోలోలా ఎవరూ నవ్వట్లేదు. సరిగ్గా మేడం ఫోన్లో వినిపించినంత పొడుగేమీ కాదు. కళ్లద్దాలు మొహానికి మరీ పెద్దవి. పిన్ని చూసుంటే అక్కడికక్కడే మార్పించేది.

డాక్టరు ఎత్తమన్నాడు. ఎత్తాను. భుజం దాకా వచ్చి ఆగింది. ఇంకా అన్నాడు. నొప్పి అన్నాను. ఏదో రాసుకున్నాడు. అక్కడిదాకా సవ్యంగానే జరిగింది.

సంతకం పెట్టించుకునే ముందు పాలసీ షరతు ఒకసారి పైకి చదివి వినిపించాలట, అది వాళ్ల పద్ధతి. మేడం అద్దాలు సర్దుకుని మొదలుపెట్టింది, ఒకే గొంతుతో, ఊపిరి తీసుకోకుండా.

"ఈ విభాగం కింద, ప్రమాద సమయంలో వాహనంలో ఉన్న ప్రతి వ్యక్తికీ, శారీరక గాయాలకూ, ప్రమాదం కారణంగా కలిగిన మానసిక ఆఘాతానికీ అవసరమైన చికిత్స వ్యయాన్ని, గరిష్ఠ పరిమితికి లోబడి..."

గరిష్ఠ పరిమితికి మా సైగ ఏమిటంటే, అరచెయ్యి పైపైకి పోయి, తలకి బాగా ఎత్తున, కనపడని పైకప్పు తగిలినట్టు ఠక్కున ఆగాలి.

ఆగింది.

డాక్టరు కలం కూడా ఆగింది. మేడం చదవడం ఆపింది. వాళ్లిద్దరూ ఎక్కడ చూస్తున్నారా అని నేనూ అటే చూశాను. నా ఎడమ చెయ్యి. నిటారుగా, ఎవరిదో అన్నట్టు, నా తలమీద నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. చూడగానే నొప్పి పుట్టింది. దింపేశాను.

"చక్కగా ఉందమ్మా" అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో మెప్పు లేదు.

"నేను అబద్ధం చెప్పలేదండి" అన్నాను. చెప్పిన మనిషి గొంతులాగే ఉంది.

"చెప్పారని నేననలేదే" అంది మేడం. అద్దాలు తీసి తుడుచుకుంది. "ఇక్కడికి సరిగ్గా ఎలా వచ్చారు?"

"నడిచి."

"మీ ఇంటి నుంచా?"

డాక్టరు కిటికీలోంచి వాన వైపు చూశాడు.

"బస్సుందిగా?"

"నడక మంచిది కదండీ."

"ఆటో?"

"నడకైతే..."

"కారు బాగై ఇంటికొచ్చినట్టు నా దగ్గర రాసుంది."

"వచ్చింది. కానీ మా పిన్నికి భయమండి, తీయట్లేదు."

"సరే, ఆవిడ తీసిందే అనుకోండి. మీరెక్కుతారా?"

ఎక్కుతానని చెప్పడానికి నోరు తెరిచాను. మాటకన్నా ముందే భుజం చెవి దాకా ముడుచుకుంది, ఎవరూ ముట్టుకోకుండానే. ముగ్గురం దాన్నే చూశాం.

మేడం మళ్లీ షరతు చదివింది. ఈసారి చేతులు తొడలకింద పెట్టుకుని కూర్చున్నాను. "మానసిక ఆఘాతానికీ" అన్నచోట నెమ్మదిగా చదివింది.

"భుజానికి ఇంక ఇవ్వలేనండి, అది లేస్తోంది. దీనికి ఇవ్వగలను. కౌన్సెలర్ దగ్గరికి పంపుతాను. తర్వాత ఇక్కడ 'ప్రతి వ్యక్తికీ' అనుంది. మీ పిన్నిగారు ఇంతవరకు మమ్మల్ని ఏమీ అడగలేదు."

జూలై 1, మళ్లీ

నాకేం భయం లేదు. వానలో నడిచి వచ్చాను కాబట్టి జలుబు చేసింది. అంతవరకే.

జూలై 3

ఇంట్లో చెప్పాను. పిన్నికి కోపం వచ్చింది.

"నాకు కౌన్సెలింగేమిటి? నాకేమైంది? దీన్ని పంపండి, దీనికే భయం" అంది బాబాయితో.

"నాకా? దుప్పటి కప్పింది ఎవరు?"

"దుమ్ము పడుతుందని కప్పాను. నువ్వేమో ఊరంతా కాళ్లీడ్చుకుంటూ తిరుగుతున్నావు."

"అది ఆరోగ్యం."

బాబాయి పేపరు దించాడు. "నీకు భయం లేదు. మీ పిన్నికీ లేదు. అయితే భయపడుతున్నది ఆ కారే అయ్యుంటుంది, పాపం. దాన్ని పంపుదాం."

ఎవరం నవ్వలేదు. గదిలోకొచ్చి తలుపేసుకున్నాక నాకు నవ్వొచ్చింది. పక్క గదిలోంచి పిన్ని నవ్వు కూడా వినిపించింది. ఇద్దరం వినపడనట్టు ఊరుకున్నాం.

జూలై 5

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. చిన్నప్పటి సంగతులు అడుగుతుందని నాలుగైదు మంచివి ఏరుకుని వెళ్లాను. ఆవిడ అవేవీ అడగలేదు. కారు లోపల ఎలా ఉంటుందో చెప్పమంది. సీటు రంగేమిటి, ఎదురుగా ఏముంటుంది, కిటికీ ఎటువైపు. రోజూ ఎక్కిన కారు. సీటు దగ్గరికొచ్చేసరికి అరచేతులు తడిశాయి.

"దెబ్బ భుజానికి తగిలింది. అది నయమైంది. ఇంకా కాపలా కాస్తోందంతే" అంది.

ఇంటిపని ఇచ్చింది. కారు కదలక్కర్లేదు. తాళం చెవి కూడా వద్దు. దెబ్బ తగిలిన రోజు పక్కనున్న మనిషితో కలిసి ఊరికే కూర్చోవాలట.

నడిచే వచ్చాను. చెట్లు మామూలుగానే ఉన్నాయి.

జూలై 8

కూర్చున్నాం.

పిన్ని వస్తుందనుకోలేదు. నేను ఇటుకలు తీస్తుంటే వచ్చి దుప్పటి రెండో చివర పట్టుకుంది. ఇద్దరం కలిసి మడత పెట్టాం. నాకు తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. పిన్ని కంగారు పెట్టలేదు, అది పిన్నికి ఎంత కష్టమో నాకు తెలుసు.

ఎక్కగానే సీటుబెల్టు పెట్టుకుంది.

"కారు కదలదు పిన్నీ."

"అప్పుడూ కదల్లేదుగా."

నేనూ పెట్టుకున్నాను. అద్దం సర్దింది. మళ్లీ సర్దింది. అద్దంలో వెనక గోడ తప్ప ఏమీ లేదు.

"గోడే కదా పిన్నీ."

"గోడే" అంది, చూపు తిప్పకుండా.

నా భుజం చెవి దగ్గరే ఉంది. పిన్ని స్టీరింగు మీద చేతులుంచి, అద్దంతో మాట్లాడుతున్నట్టు అంది. "నీ తిండి నీ చేతుల్లో ఉందే. ఆ పిల్లలు ఒంటిరెక్క కోడి అన్నప్పుడు వంటింట్లోకి పోయి దాక్కున్నాను. కోలుకోకపోతే ఏం మొహం పెట్టుకుని నీ ఎదుట తిరగను? కారు చూస్తే నీకు అదే గుర్తొస్తుందని దుప్పటి కప్పాను. నువ్వు నడుస్తుంటే, నా కారు ఎక్కనని చెప్పలేక నడుస్తోందనుకున్నాను."

"నువ్వు నడపట్లేదని నేను నడిచాను" అన్నాను.

చెప్పాక అది కూడా పూర్తి నిజం కాదని తెలిసింది. పిన్నికీ తెలిసినట్టుంది, మళ్లీ అద్దం సర్దింది.

బాబాయి మూడు కప్పుల టీ పట్టుకొచ్చి కిటికీ అద్దం మీద తట్టాడు. "ఇంకేం కావాలండీ?" అన్నాడు, హోటల్లో అడిగినట్టు. తన కప్పుతో వెనక సీట్లో ఎక్కి కూర్చుని పేపరు తెరిచాడు.

కాసేపయ్యాక అడిగాను. "ఇంతకీ ఆ పెద్దాయన చివరికేం చేశాడు?"

"ఏ పెద్దాయన?"

"ఫ్రేములన్నీ పెట్టుకు చూసి కొనకుండా పోయేవాడు."

పిన్ని మొహం వెలిగింది. "ఆయనా? ఆ రోజు ఒకటి పెట్టుకున్నాడు, అలాగే నడిచి వెళ్లిపోతున్నాడు. ఏమండీ, డబ్బులన్నాను. ఇవి నావేనమ్మా అన్నాడు. ఎప్పుడో మా షాపులో మర్చిపోయాట్ట. అడగడానికి మొహమాటం. దేంతో చూస్తే సరిగ్గా కనపడుతుందో అదే తనదని రోజూ వచ్చి వెతుక్కుంటున్నాడు."

"నోరు తెరిచి అడగొచ్చుగా."

"అదే కదా" అంది పిన్ని.

వెనకనుంచి బాబాయి, "ఈ పేజీలో ఒక్క తప్పు లేదు" అన్నాడు. ఏ పేజీయో అడగలేదు.

జూలై 10

వీధి చివరిదాకా. బాబాయి మా పక్కనే నడిచాడు. మాకన్నా ముందు చేరాడు.

జూలై 12

పిన్ని కూడా కౌన్సెలర్ దగ్గరికెళ్లింది. కారులో. వచ్చాక, "ఆవిడ అద్దాల పవరు తప్పు" అంది. మళ్లీ వెళ్తుందట, కొత్త అద్దాలు ఇవ్వడానికి. సరే, ఏదో ఒక వంక.

జూలై 14

కాలేజీ తెరిచారు.

పిన్ని దింపింది. అదే దారి, అదే ఎర్ర లైటు. మా వెనక ఒక లారీ వచ్చి మర్యాదగా దూరంలో ఆగింది. పిన్ని అద్దంలో దాన్ని ఎంతసేపు చూసిందంటే, పచ్చలైటు పడి వెనకున్నవాళ్లంతా హారన్లు మోగిస్తే గాని కదల్లేదు. కదిలినప్పుడు మాత్రం ఒక్క ఉదుటున కదిలింది. ఆ మలుపు ఎలా తిప్పిందో నేను చెప్పలేను, కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి కాలేజీ గేటు, గేటు దగ్గర మా పిల్లలు. ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నవ్వుతున్నారు. ముఠా నాయకురాలు పిడికిలి బిగించి తలపైకెత్తి, గాలిలో ఏదో పట్టుకుని వేలాడుతున్నట్టు అటూ ఇటూ ఊగింది, కళ్లు గట్టిగా మూసుకుని. మిగతావాళ్లంతా అదే చేశారు.

ఎవరిని ఎగతాళి చేస్తున్నారా అని చూశాను. కిటికీ పైన పట్టుకోవడానికి ఒక పిడి ఉంటుంది. నా ఎడమ చెయ్యి దానిమీద ఉంది. ఎర్ర లైటు నుంచీ ఉండి ఉంటుంది. వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసుకోవాల్సి వచ్చింది.

పిన్ని ఆ చేతిని చూసింది, నన్ను చూసింది. "థెరపీ వాళ్లకి అన్నాళ్లు పట్టింది" అంది, చాలా గర్వంగా.

"నీ డ్రైవింగుకి ఏ చెయ్యైనా లేస్తుంది పిన్నీ."

"సాయంత్రం తీసుకెళ్లడానికొస్తా. లేక నడుస్తావా?"

"రా" అన్నాను.

అలా ఒంటిరెక్క కోడి పోయి, ఆ ఊగుడే నా పేరైంది. కొత్త పేరుతో ఒక చిక్కుంది. అది చెప్పాలంటే చెయ్యి పూర్తిగా, గరిష్ఠ పరిమితి దాకా ఎత్తాలి, కాస్త ఊగాలి కూడా. మొదటి క్లాసులో కొత్తగా చేరిన పిల్ల ఒకతె నా పేరేమిటని అడిగింది. క్లాసంతా నా వైపే చూస్తోంది, ముఠా నాయకురాలైతే బెంచీ అంచుకి జరిగింది. ఎత్తాను. ఎత్తేటప్పుడు చేతివైపు చూశాను కూడా. కొంచెం నొప్పి పుట్టింది, చాలా కొంచెం.

ఆ పిల్ల బుర్ర గోక్కుని, అర్థం కాలేదు, ఇంకొక్కసారి అంది.